రాష్ట్రపతి పదవిలో కార్మికనాయకుడు: శ్రీ వరాహగిరి వేంకటగిరి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



మన దేశమునకు ఇంతవరకు రాష్ట్రపతులైన వారిలో తెలుగు కుటుంబములందు జన్మించినవారు మువ్వురు కలరు. సర్వేపల్లి రాధాకృష్ణగారు 1962 మొదలు 1967 వరకును, వరాహగిరి వేంకటగిరిగారు 1969 మొదలు 1974 వరకును, నీలం సంజీవరెడ్డిగారు 1977 మొదలు 1982 వరకును ఆ పదవిని అలంకరించిరి. మువ్వురి కాలమును సుఖకాలము కాదు. రాధాకృష్ణగారి కాలమున రెండు యుద్ధములు జరిగినవి. ఇద్దరు ప్రధానమంత్రులు పదవిలో నుండగనే కన్నుమూసిరి. సంజీవరెడ్డిగారు ఐదేండ్లలో మువ్వురు ప్రధానమంత్రులను చూచిరి. అయినను బొగ్గుగనుల నడుమ వెలసిన ఈ నస్పూరులో, షిఫ్టు దిగి వచ్చి పత్రిక తిరుగవేయు పాఠకులుగల ఈ గ్రంథాలయమున, నేటి ప్రసంగమునకు గిరిగారి జీవితము ఎన్నుకొనబడుటకు వేరొక కారణము కలదు. ఆ మువ్వురిలోను కార్మికసంఘపు కార్యాలయమునుండి బయలుదేరి రాష్ట్రపతి భవనమునకు చేరినవారు గిరిగారొక్కరే.

కార్మికుని పక్షమున నిలిచి పేరొందిన వ్యక్తి రాజ్యమునకే అధిపతియైనప్పుడు కార్మికునకేమి ఒరిగినది? ఇది గనిలో పనిచేయువారు అడుగదగిన ప్రశ్న. దీనికి పొగడ్తలతో సమాధానము చెప్పుట సులభము. నిందలతో చెప్పుట ఇంకను సులభము. ఆ జీవితమును మొదటినుండి చూచినగాని న్యాయమైన సమాధానము దొరకదు.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. ఆ పట్టణము నేడు ఒడిశా రాష్ట్రమున నున్నను, నాడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాలోనిది. తండ్రి జోగయ్యపంతులుగారు పేరుమోసిన న్యాయవాది, తల్లి సుభద్రమ్మగారు. లోటన్నది ఎరుగని ఇల్లు. 1913లో కుమారుని న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండు రాజధానియగు డబ్లినునకు పంపిరి.

సరిగా ఆ యేడే, ఆగస్టు మాసమున, డబ్లిను నగరమున గొప్ప కార్మికసంక్షోభము పుట్టినది. జేమ్స్ లార్కిన్ నడపుచుండిన సంఘములో చేరినవారికి పని యీయమని యజమానులు ఏకమై తలుపులు మూసిరి. సుమారు ఇరువదివేల మంది కార్మికులు కొన్ని నెలలపాటు కూలి లేక మాడిరి. చివరకు 1914 ఆరంభమున ఆకలికి తాళలేక ఒక్కొక్కరుగ తిరిగి పనిలోనికి పోయిరి. ఓడిపోయిన పోరాటమే యది. కాని సంఘముగా కూడుటయే నేరమని యజమానులన్నప్పుడు పేదవాడేమి చేయునో, ఎంతవరకు ఓర్చుకొనునో చెప్పగల పాఠము అంతకు మించినది ఏ కళాశాలయందు దొరకును? లార్కిన్, జేమ్స్ కానలీ మున్నగువారి భావములు ఆ తెలుగు యువకుని మనస్సున నాటుకొన్నవి. 1916లో ఐరిష్ ప్రజలు ఆంగ్లప్రభుత్వముపై తిరుగబడిరి. కానలీని ప్రభుత్వము తుపాకికి బలియిచ్చినది. ఆ యేడే గిరిగారు బారిస్టరు పట్టముతో ఐర్లండు విడిచిరి. న్యాయశాస్త్రమునకై పోయినవారు కార్మికశాస్త్రము నేర్చుకొని వచ్చిరి.

స్వదేశమున న్యాయవాదవృత్తి బాగుగనే సాగుచుండెను. 1920లో గాంధీమహాత్ముని సహాయనిరాకరణ పిలుపు విని దానిని వదలిరి. కల్లుసారా దుకాణముల యెదుట పికెటింగు జరిపినందుకు 1922లో చెరసాల చూచిరి. ఆపైని వారి దృష్టి రైల్వే కార్మికులపైకి మరలినది.

నాటి బెంగాల్ నాగపూర్ రైల్వే హౌరానుండి బరంపురము మీదుగా వాల్తేరు వరకు సాగిన గొప్ప మార్గము. దాని కర్మాగారములు ఖరగ్‌పూరున నుండెను. అచ్చట పనిచేసినవారిలో తెలుగువారు వేలకొలది కలరు. నేటికిని ఖరగ్‌పూరు వీథులలో తెలుగు వినవచ్చుచున్నదన్న మూలమదియే. 1927-28 ప్రాంతమున ఉద్యోగములనుండి తొలగింపబడిన కార్మికుల పక్షమున ఆ రైల్వేలో నడచిన సమ్మెకు గిరిగారు నాయకులైరి. సమ్మెను హింసకు దిగనీయక కాపాడి, యజమాన్యమును చర్చలకు దింపిరి. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషను అను సమాఖ్యను స్థాపించినవారిలో వారొకరు. దశాబ్దమునకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా నుండిరి. ఈ సమాఖ్య పేరును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ఈ కథ చివర అది మరల వచ్చును.

తరువాతి ఇరువదియేండ్ల చరిత్రను కొలదిమాటలలో ముగింపవచ్చును. 1926లోను 1942లోను అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షులు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మికసభకును, 1931లో లండను రౌండ్ టేబుల్ సమావేశమునకును కార్మికుల ప్రతినిధి. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని వారి సొంత గడ్డమీదనే ఓడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మికశాఖను నిర్వహించిరి. 1942 ఉద్యమమున మరల చెరసాల. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున మరల కార్మికశాఖ. 1947 మొదలు సింహళమున భారత హైకమిషనరు పదవి. 1952లో పాతపట్నము నుండి తొలి లోకసభకు ఎన్నికై, నెహ్రూగారి ప్రభుత్వమున కార్మికమంత్రియైరి.

ఇచ్చట కొంచెము నిలువవలెను. గిరిగారి పేరు కార్మికచరిత్రలో నిలుచుటకు రాష్ట్రపతి పదవికంటె ఈ రెండేండ్ల మంత్రిపదవియే ముఖ్యకారణము.

ఆ దినములలో యజమానికిని కార్మికునకును తగాదా పుట్టినచో ప్రభుత్వము దానిని ట్రిబ్యునలునకు పంపుట వాడుక. ట్రిబ్యునలు తీర్పు చెప్పును, దానిపై అప్పీలు ట్రిబ్యునలు, ఆపైని ఉన్నతన్యాయస్థానములు. వాదించుటకు వకీళ్లు, వకీళ్లకు ఫీజులు, వాయిదాలు, ఏండ్లు. యజమానికి కాలము బరువు కాదు. కార్మికునకు ప్రతి వాయిదాయు ఒక మస్టరు పోవుటయే. కోర్టు త్రోవ అలవడిన సంఘము తన బలమును తాను మరచిపోవునని గిరిగారి భయము. 1952 అక్టోబరులో నైనితాలునందు జరిగిన భారత కార్మిక సమావేశమున వారు నిర్బంధ న్యాయనిర్ణయము తగ్గి, ఉభయులు ఎదురెదురుగా కూర్చుండి బేరమాడుకొను పద్ధతి పెరుగవలెనని వాదించిరి. దీనికే గిరి పద్ధతి యను పేరు వచ్చినది. యజమానులు మెచ్చలేదు, ప్రభుత్వమునందలి సహచరులు అనుమానించిరి, విచిత్రమేమనగా, పెక్కు కార్మికసంఘములును జంకినవి. బలము చాలని సంఘము బల్లయొద్ద కూర్చుండి ఏమి గెలుచునని వారి సందేహము. ఆ సందేహమున న్యాయము లేకపోలేదు.

వారి కాలముననే, 1953లో, పారిశ్రామిక వివాదముల చట్టమునకు ఒక సవరణ వచ్చినది. గనిలోగాని కర్మాగారములోగాని పని చూపలేక యజమాని కార్మికుని ఇంటికి పంపినచో సగము వేతనము పరిహారముగా ఈయవలెను. పనినుండియే తీసివేసినచో, చేసిన ప్రతి యేటికిని పదునైదు దినముల వేతనము చొప్పున ఈయవలెను. నేడిది చిన్న విషయముగా తోచవచ్చును. అంతకుముందు యంత్రము చెడిన దినమున ఉత్తచేతులతో ఇంటికి పోయిన కార్మికునకు మాత్రము చిన్న విషయము కాదు.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతముల తగాదాలో కార్మిక అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము ఉద్యోగులకు నష్టమగునట్లు మార్చినది. గిరిగారు ట్రిబ్యునళ్లను మెచ్చినవారు కారు. అయినను, తీర్పు ఉన్నదని ఉద్యోగులను నమ్మించి, వచ్చిన పిదప దానిని కోసివేయుట మాట తప్పుటయని వారి నమ్మకము. మంత్రిపదవికి రాజీనామా ఇచ్చిరి. ప్రధానమంత్రితో వైరము లేదు. పత్రికలలో దూషణలు లేవు. పదవిని విడిచి ఇంటికి పోయిరి. తరువాత ప్రభుత్వము న్యాయమూర్తి గజేంద్రగడ్కరుగారి విచారణసంఘమును నియమించెను. ఆ సంఘము 1955లో ట్రిబ్యునలు తీర్పును చాలవరకు మరల నిలువబెట్టవలెనని సిఫారసు చేసెను. ఒక మంత్రి తన సంతకమునకు విలువయున్నదని చూపుటకు సంతకము మాని చూపిన సందర్భములు మన చరిత్రలో అరుదు.

ఇంతటి జీవితమున ఒక మచ్చ కూడ కలదు; దానిని దాచుట సభకు మర్యాద కాదు. 1957 ఎన్నికలలో పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గము. రెండు స్థానములలో నొకటి గిరిజనులకు ప్రత్యేకింపబడినది. ఓట్లు లెక్కింపగా ఇద్దరు గిరిజన అభ్యర్థులకే ఎక్కువ వచ్చి ఇద్దరును గెలిచిరి, గిరిగారు ఓడిరి. ప్రత్యేకస్థానమునకు నిలిచిన గిరిజనుడు సాధారణస్థానమును కూడ పొందరాదని వారు న్యాయస్థానమునకెక్కిరి. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. గోండులు, కొలాములు నివసించు ఆదిలాబాదు ప్రాంతమువారికి ఆ తీర్పు ఎంత సరియైనదో వివరింపనక్కరలేదు. పీడితుల పక్షమున బ్రదుకంతయు నిలిచినవారైనను, ఓటమి తనదైనప్పుడు తూకము తప్పుట మానవసహజము.

అటుపైని ఉత్తరప్రదేశము, కేరళము, మైసూరు రాష్ట్రములకు వరుసగా గవర్నరు. 1967లో ఉపరాష్ట్రపతి. భార్య సరస్వతీబాయిగారును, పదునలుగురు సంతానమునుగల ఆ పెద్దసంసారము గవర్నరు బంగళాలలో కూడ తెలుగింటివలెనే సందడిగా నుండెడిది.

1969 మే 3వ తేదీన రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు పదవిలో నుండగనే మరణించిరి. గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతియైరి. కాంగ్రెసు పెద్దలు సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిలిపిరి. ప్రధానమంత్రి ఇందిరాగాంధీకిని పార్టీ పెద్దలకును నాడు పొసగుటలేదు. జూలై 19వ తేదీన పదునాలుగు పెద్ద బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై గిరిగారు సంతకము చేసిరి. మరునాడే పదవిని విడిచి స్వతంత్ర అభ్యర్థిగా బరిలోనికి దిగిరి. బ్యాంకు ఉద్యోగులకై 1954లో పదవి విడిచిన చేయి, 1969లో బ్యాంకులనే ప్రభుత్వపరము చేయు కాగితముపై పడినది. రాష్ట్రపతియు ఉపరాష్ట్రపతియు లేని ఆ నెలనాళ్లు దేశమునకు సుప్రీంకోర్టు ప్రధానన్యాయమూర్తి హిదయతుల్లాగారు రాష్ట్రపతిగా వ్యవహరించిరి.

ఇందిరాగాంధీ తన పార్టీ సభ్యులను అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయుడని కోరిరి. ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. ఈ ఎన్నికలో ఓటువేయువారు శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును. ఒక్కొక్క ఓటునకు ఒక్కొక్క విలువ. గెలుపునకు 4,18,169 కావలసియుండగా, మొదటి ప్రాధాన్యపు లెక్కలో గిరిగారికి 4,01,515 వచ్చెను. ఎవరికిని చాలకపోవుటచే ఇతర అభ్యర్థుల ఓట్లలోని రెండవ ప్రాధాన్యములను లెక్కించిరి. తుదకు గిరిగారికి 4,20,077, సంజీవరెడ్డిగారికి 4,05,427. రాష్ట్రపతి పదవికై ఇద్దరు తెలుగువారు ఇంత హోరాహోరిగా పోరాడుట అదియే మొదలు, నేటివరకు అదియే తుది. ఆగస్టు 24న గిరిగారు ప్రమాణస్వీకారము చేసిరి. ఆ ఎన్నిక చెల్లదని దావా పడగా, పదవిలోనున్న రాష్ట్రపతియయ్యు 1970లో స్వయముగా సుప్రీంకోర్టునందు సాక్ష్యము చెప్పిరి, దావా కొట్టివేయబడెను. రాజ్యాధిపతి సాక్షిగా న్యాయస్థానమున నిలుచుట ప్రజారాజ్యమునకు శోభయే.

ఇక కష్టకాలము. 1971లో తూర్పు బంగాళమునుండి సుమారు కోటిమంది శరణార్థులు వచ్చిపడిరి. డిసెంబరు 3న యుద్ధము మొదలైనది; ఆ రాత్రియే గిరిగారు అత్యవసర పరిస్థితిని ప్రకటించిరి; 16వ తేదీకి యుద్ధము ముగిసి బంగ్లాదేశము స్వతంత్రమైనది. వెంటనే వానలు మొగము చాటువేసినవి. ధరలు మండినవి. 1973లో ప్రపంచమందంతటను చమురు ధర పెరిగినది. మన రాష్ట్రమునందు ముల్కీ నిబంధనల తగాదా, జై ఆంధ్ర ఉద్యమము. 1973 జనవరి మొదలు డిసెంబరు వరకు ఆంధ్రప్రదేశమున రాష్ట్రపతి పాలన. తెలుగు రాష్ట్రపతి పేరుమీద తెలుగు రాష్ట్రమున పాలన సాగుట ఆయనకు సంతోషకరమైన సన్నివేశమై యుండదు.

ఆ యేడే మే 1వ తేదీన, మేడే నాడు, దేశమందలి ప్రైవేటు బొగ్గుగనులు జాతీయమైనవి. కోకింగు బొగ్గుగనులు అంతకు ముందు యేడే ప్రభుత్వపరమైనవి. సింగరేణి సంస్థ అప్పటికి చిరకాలముగా ప్రభుత్వపు చేతిలోనిదే గావున మన ప్రాంతమున ఆ మార్పు కానరాలేదు. ఝరియా, రాణీగంజు గనులలో దళారి క్రింద మ్రగ్గిన కార్మికులకు మాత్రము అది కొత్త బ్రదుకునకు నాంది. ఆ చట్టముపైని ఆమోదముద్ర గిరిగారిదే.

1974 మే 8వ తేదీన రైల్వే కార్మికులు సమ్మెకు దిగిరి. సుమారు పదునేడు లక్షలమంది. పిలుపునిచ్చినవారిలో ముందున్నది అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషను. దాని నాటి అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజు. యాభైయేండ్ల క్రిందట గిరిగారు ప్రతిష్ఠించిన దీపమే యది. ప్రభుత్వము చర్చలు సాగుచుండగనే, మే 2వ తేదీన, నాయకుని నిర్బంధించినది. వేలాదిమంది చెరసాలల పాలైరి. కొందరి కుటుంబములను రైల్వే క్వార్టర్లనుండి వెళ్లగొట్టిరి. నిర్బంధమునకు వాడిన ఆయుధములు రెండు: 1971 జూలైలో రాష్ట్రపతి ఆమోదము పొందిన ఆంతరంగిక భద్రతా చట్టము, యుద్ధమునాటి అత్యవసర పరిస్థితిచే బలము పొందిన దేశరక్షణ నిబంధనలు. యుద్ధము ముగిసి రెండేండ్లు దాటినను ఆ ప్రకటన ఎత్తివేయబడలేదు. రెంటిమీదను ఉన్నది గిరిగారి సంతకమే. మే 27న సమ్మె విరమింపబడినది. గెలిచినది ఏమియు లేదు.

రైలు నిలిచినచో గనిమీద బొగ్గు గుట్టపడును. విద్యుత్కేంద్రమున పొయ్యి చల్లబడును. రైల్వేయును బొగ్గును ఒక్క కాడి యెద్దులు. కావున ప్రభుత్వము భయపడుటకు కారణము లేదనలేము. ధరలతో పోల్చినచో జీతము చాలని గార్డునకు, ఫైర్‌మనునకు, గ్యాంగుమనునకు ఆగ్రహము కలుగుటకును కారణము లేదనలేము. ఇట్టి సమయమున ఉభయులను ఒక్క బల్లయొద్దకు చేర్చుట ఎట్లో దేశమందరికంటె బాగుగ నెరిగిన మనిషి రాష్ట్రపతి భవనమున నుండెను. ఆయన చేతులలో అధికారము మాత్రము లేదు. 1954లో మంత్రిగా రాజీనామా ఇచ్చినవారు 1974లో రాష్ట్రపతిగా ఈయలేదు.

ఏల? రాష్ట్రపతి మంత్రివర్గపు సలహా ప్రకారమే నడువవలెనన్నది మన రాజ్యాంగపు సంప్రదాయము. నాటి రాజ్యాంగమున ఆ మాట ఇంత స్పష్టముగా లేదు. 1976 సవరణతో అక్షరరూపము దాల్చినది. గిరిగారి పదవి ముగియుటకు సరిగా ఒక్కదినము ముందు, 1974 ఆగస్టు 23న, సుప్రీంకోర్టు షంషేర్‌సింగు కేసులో ఆ సంప్రదాయమునే న్యాయముగా నిర్ణయించెను. ఆయన అయిదేండ్లును నమ్మి నడచిన త్రోవయే సరియైనదని న్యాయస్థానము చెప్పినట్లే. విమర్శకులు ఆయనను సంతకముల రాష్ట్రపతి యని ఎగతాళి చేసిరి. సంతకము చేయనని మొండికెత్తు రాష్ట్రపతి ప్రజలెన్నుకొన్న ప్రభుత్వముమీద ప్రభువగును. అది ఇంకొక ప్రమాదము. ఈ భాగమున ఎగతాళికి తావులేదు.

రాజీనామా సంగతి వేరు. దానికి ఎవరి సలహాయు అక్కరలేదు. పదవి మూడునెలలు మాత్రమే మిగిలిన డెబ్బదితొమ్మిదేండ్ల వృద్ధుడు ఆ దినములలో పదవి విడిచియుండినచో సమ్మె గెలిచెడిదని చెప్పజాలము; చెరసాలలలోని రైల్వేవారికి ఒక ఊరట మాత్రము కలిగియుండెడిది. రాజ్యాంగము గిరిగారిని తప్పుపట్టదు. ఖరగ్‌పూరు మాత్రము కొంచెము బాధపడుటకు హక్కు కలిగియున్నది. 1954 నాటి గిరిగారు 1974 నాటి గిరిగారికంటె పెద్దవారు.

ఆ ఆగస్టున వారు రాష్ట్రపతి భవనము విడిచిరి. 1975లో భారతరత్న బిరుదము లభించినది. 1976లో తమ జీవితచరిత్రను ఆంగ్లమున ప్రకటించిరి. 1977లో కొత్త ప్రభుత్వము వచ్చి, సమ్మెలో తొలగింపబడిన రైల్వే కార్మికులను మరల పనిలోనికి తీసికొనుట వారు కన్నులార చూచిరి. 1980 జూన్ 24న మద్రాసున కాలధర్మము నొందిరి. జాతీయ కార్మిక సంస్థకు 1995లో వారి పేరు పెట్టబడినది.

నైనితాలులో వారు చెప్పిన మాట సంగతి యొకటి మిగిలియున్నది. 1954లో కేంద్రప్రభుత్వము బొగ్గుగనుల తగాదాలను ట్రిబ్యునలునకు అప్పగించగా, గనికార్మికుని కూలిని నిర్ణయించు తీర్పు 1956లోగాని రాలేదు. అప్పటికి గిరిగారు మంత్రిపదవిలో లేరు. జాతీయమైన పిదప 1973లో సంఘముల ప్రతినిధులును యజమాన్యపు ప్రతినిధులును కూడిన ఉభయసంఘమొకటి బొగ్గు పరిశ్రమకు ఏర్పడినది. గిరిగారు రాష్ట్రపతి భవనము విడిచిన నాలుగు నెలలకు, 1974 డిసెంబరులో, ఆ బల్లయొద్ద మొదటి జాతీయ బొగ్గు వేతన ఒప్పందముపై ఉభయులును సంతకములు చేసిరి. అందులో న్యాయమూర్తి లేడు, వకీలు లేడు. సింగరేణి కార్మికుని వేతనమును నాటినుండి ఆ ఒప్పందముల వరుసలోనిదే. పదునొకండవది 2023 మే మాసమున కుదిరినది. ఆ బల్లయొద్ద తమ పక్షమున ఎవరు కూర్చుండవలెనో చెప్పుటకై సింగరేణి గనులలో 1998 మొదలు రహస్య ఓటుతో గుర్తింపుసంఘపు ఎన్నికలు జరుగుచున్నవి.